బొకే ఎందుకు వాడిపోతుంది? పంచదార, ఆస్పిరిన్, నాణెం చిట్కాల్లో పనిచేసేది ఏది?

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఫోన్లో ఒక రకం వీడియోలు వరస కడతాయి. ఫ్లవర్‌వాజులో ఆస్పిరిన్ బిళ్ల వెయ్యమని ఒకరు, రూపాయి నాణెం వెయ్యమని ఇంకొకరు. పంచదార వేస్తే పూలు వారం నిలుస్తాయని ఒక ఆవిడ చూపిస్తే, పంచదార వల్లే నీళ్లు కుళ్లి కంపు కొడుతున్నాయని కింద కామెంట్లు. తమాషా ఏమిటంటే ఈ పంచదార తగాదాలో ఇద్దరు చెప్పేదీ నిజమే.

ఇంట్లో బొకే కట్టడం కష్టమైన విద్యేమీ కాదు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే గులాబీ ఇరవై కాడల కట్ట, జెర్బెరా పది కాడల కట్ట దొరుకుతాయి. నాలుగు ఆకుకొమ్మలు కలిపి చుట్టేస్తే చూడటానికి బాగానే ఉంటుంది. చిక్కు మర్నాడు మొదలవుతుంది. వాజు నిండా నీళ్లుంటాయి, గులాబీ మాత్రం తల వాల్చేసి ఉంటుంది. అంత నీటిలో నిలబడి దాహంతో ఎందుకు వాలిందో తెలిస్తే, వీడియోల్లోని చిట్కాల్లో ఏది పనికొస్తుందో, ఏది కాదో చాలావరకు మనమే తేల్చుకోవచ్చు.

కోసిన తర్వాత పువ్వు లోపల జరిగేది

కోసినంత మాత్రాన పువ్వు చచ్చిపోదు. శ్వాసక్రియ సాగుతూనే ఉంటుంది. అంటే తనలో దాచుకున్న చక్కెరను కాస్త కాస్తగా ఖర్చు చేస్తూ ఉంటుంది. ఆకుల నుంచి, రేకుల నుంచి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. స్కూల్లో బాష్పోత్సేకం అని చదువుకున్నది ఇదే. చెట్టు మీద ఉన్నంతకాలం ఈ రెండు ఖర్చులకూ చెట్టు జమ చేసేది. కోశాక ఆ జమ ఆగిపోయింది, ఖర్చు మాత్రం ఆగలేదు.

నీరు కాడలో పైకి వెళ్లేది దారువు అనే సన్నటి గొట్టాల గుండా. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: ఆ నీటిని కింద నుంచి ఎవరూ నెట్టడం లేదు. పైన ఆకుల్లో నీరు ఆవిరవుతుంటే, ఆ ఖాళీ కింది నీటిని పైకి లాగుతుంది. కాడను కత్తిరించిన క్షణంలో కూడా ఆ లాగుడు ఆగదు. అప్పుడు కింద నీరు లేదు కాబట్టి గాలి లోపలికి వెళ్తుంది. కొబ్బరిబోండంలో వేసిన స్ట్రాకి చిల్లు పడితే ఎంత పీల్చినా నీళ్లు రావు చూడండి, కాడలో జరిగేదీ అదే.

గాలి బుడగ మొదటి అడ్డు. రెండో అడ్డు బాక్టీరియా. కోసిన చోట కాడ నుంచి చక్కెరలు, కణాల రసం వాజులోకి కారుతుంటాయి. వాటిని తిని బాక్టీరియా పెరుగుతుంది. అవీ, అవి వదిలే జిగురూ కలిసి గొట్టాల మూతులను మూసేస్తాయి. వాజు లోపలి గోడను వేలితో రాస్తే జారుడుగా తగిలే పొర ఆ జిగురే.

కాబట్టి వాజులో పువ్వు వాడటానికి ప్రధాన కారణం నీళ్లు తక్కువవడం కాదు, నీళ్లు పైకి ఎక్కకపోవడం. ఏ చిట్కా విన్నా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: దీనివల్ల దారి తెరుచుకుంటుందా, తిండి అందుతుందా, ఖర్చు తగ్గుతుందా? మూడింట్లో ఏదీ చేయనిదాన్ని పక్కన పెట్టొచ్చు.

ఏటవాలు కోత గురించి ఒక చిన్న లెక్క

కాడను ఏటవాలుగా కోస్తే ఎక్కువ నీరు తాగుతుందని అందరూ చెప్తారు. లెక్క వేసి చూద్దాం. 45 డిగ్రీల వాలులో కోస్తే కోత వైశాల్యం అడ్డంగా కోసినదానికన్నా సుమారు 1.4 రెట్లు అవుతుంది. అది నిజమే. కానీ కాడలో ఉన్న గొట్టాల సంఖ్య పెరగలేదు. వంద గొట్టాలుంటే ఎలా కోసినా వందే. ఒక్కో గొట్టం మూతి కాస్త సాగినట్టు అవుతుంది, అంతే. ఏటవాలు కోతకు అసలు లాభం వేరే ఉంది: కాడ వాజు అడుక్కి పూర్తిగా అతుక్కుపోకుండా ఉంటుంది. కాబట్టి అడ్డంగా కోశామని టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు.

ఎంత వాలుగా కోశామన్నదాని కంటే ఎంత పొడవు తీశామన్నది ముఖ్యం. గాలి, బాక్టీరియా ఎక్కువగా చేరేది కింది చివర్లోనే. అందుకే రెండు మూడు సెంటీమీటర్లు తీసేస్తే కొత్త గొట్టాలు బయటపడతాయి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర గొట్టాలను కోయదు, నలిపేస్తుంది. గట్టి కాడల చివరను సుత్తితో చితక్కొట్టాలని పాత పుస్తకాల్లో కనిపించే సలహా కూడా ఈ కారణంతోనే వెనకబడింది. నలిగిన కణాల రసం బాక్టీరియాకు విందు.

కాడను నీటి అడుగున ఉంచి కోయాలనే మాట మీద రెండు అభిప్రాయాలున్నాయి. గాలికి చోటే ఉండదు కనుక అదే మేలంటారు ఒకవైపు వాళ్లు. నీటిలో కోసినా, బయట కోసి వెంటనే నీటిలో ముంచినా ఇంట్లో కనిపించే తేడా కొద్దిదేనంటారు రెండోవైపు వాళ్లు. అసలు ఇబ్బంది ఆలస్యం దగ్గర వస్తుంది. కోసిన కాడ బల్ల మీద ఎంతసేపు పడుంటే గాలి అంత స్థిరపడుతుంది. పది కాడలూ ముందే కోసి పెట్టుకుని తీరిగ్గా కట్టడం మొదలుపెట్టేవాళ్లకు నీటి అడుగు కోత నిజంగా ఉపయోగం. ఒక్కొక్కటే కోసి ఒక్కొక్కటే ముంచేవాళ్లకు అంత పట్టింపు లేదు.

పంచదార తగాదా

పువ్వు శ్వాసకు చక్కెర కావాలి. మొగ్గ విచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కావాలి. మొగ్గ దశలో ఉన్న గులాబీ, కార్నేషన్, కాడ పొడవునా మొగ్గలుండే గ్లాడియోలస్, నేలసంపెంగ – వీటికి నీటిలో చక్కెర అందితే విచ్చుకునే మొగ్గలు పెరుగుతాయి. మన మార్కెట్లలో లిల్లీ పేరుతో అమ్మే పొడవు కాడల తెల్లపూలు ఈ నేలసంపెంగలే. చామంతి సంగతి వేరు. అది పూర్తిగా విచ్చుకున్నాకే కోస్తారు కాబట్టి దానికి పంచదార పెద్దగా ఒరగబెట్టేది లేదు. జెర్బెరాకు తిండి కన్నా శుభ్రమైన నీరు ముఖ్యం. దాని కాడ మెత్తన, పైగా నూగు. నీటిలో మునిగిన భాగం త్వరగా కుళ్లుతుంది. అందుకే పూలవాళ్లు జెర్బెరాకు వాజులో నాలుగు వేళ్ల లోతుకు మించి నీళ్లు పొయ్యరు.

ఇప్పుడు రెండో పక్షం వాదన. నీటిలో వేసిన పంచదారను పువ్వు కంటే ముందు బాక్టీరియా తింటుంది. మాట వరసకి ఒకే ఒక్క కణం ఉందనీ, అది గంటకోసారి రెట్టింపవుతుందనీ అనుకుందాం. 24 గంటలకు కోటీ 67 లక్షలు దాటుతాయి. అదే రెట్టింపు కావడానికి రెండు గంటలు పడితే? 24 గంటల తర్వాత ఉండేవి 4,096. వేగం సగమైతే సంఖ్య సగం కాలేదు, నాలుగు వేల వంతుకు పడిపోయింది. వాజును ఎండలోంచి తీసి చల్లటి మూలకు జరపడం, రోజు విడిచి రోజు నీళ్లు మార్చడం లాంటి చప్పటి సలహాలు ఏ మాయ పొడికన్నా బాగా పనిచేసేది ఇందుకే.

కాబట్టి ఒంటరి పంచదార కంటే ఒట్టి నీళ్లే మేలు. పంచదారతో పాటు బాక్టీరియాను అణిచేది కూడా ఉంటే అప్పుడు పంచదార మేలు. బొకేతో వచ్చే చిన్న పొడి పాకెట్‌లో ఉండేది సరిగ్గా ఈ కలయికే: చక్కెర, ఏదో ఒక ఆమ్లం, బాక్టీరియాను చంపేది. ఆమ్లం ఎందుకంటే, నీరు కాస్త పుల్లగా, అంటే పీహెచ్ 3.5 నుంచి 5 మధ్యలో ఉంటే కాడలోకి తేలిగ్గా ఎక్కుతుంది, బాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది.

ఇంట్లో చేసుకునే రకానికి లెక్క ఇలా ఉంటుంది. లీటరు నీటికి రెండు టీస్పూన్ల పంచదార, అంటే సుమారు పది గ్రాములు, ఒక శాతం. నిమ్మరసం రెండు టీస్పూన్లు. తెల్లబట్టలకు వాడే ద్రవ బ్లీచ్ పావు టీస్పూను. బ్లీచ్‌ని ముందు లీటరు నీటిలో కలిపాకే నిమ్మరసం వెయ్యాలి. చిక్కటి బ్లీచ్‌లో నేరుగా ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్లీచ్ ఇష్టం లేనివాళ్లు పంచదార కూడా మానేసి రోజూ నీళ్లు మార్చడం రెండో దారి. దాంతోనూ ఫలితం బాగానే ఉంటుంది, శ్రమే ఎక్కువ.

నిమ్మ సోడా పొయ్యమనే చిట్కాలో కొంత విషయముంది. వంద మిల్లీలీటర్లకు పది గ్రాముల దరిదాపుల్లో చక్కెర ఉండే కూల్‌డ్రింక్ అయితే, వంద మిల్లీలీటర్లు పోసి నీళ్లతో లీటరు చేస్తే అదే ఒక శాతం వస్తుంది. ఆమ్లం దాన్లోనే ఉంది. బాక్టీరియాను చంపేది మాత్రం లేదు. డైట్ రకంలో ఆమ్లమే ఉంటుంది, తిండి ఉండదు.

ఆస్పిరిన్, నాణెం, వోడ్కా

ఆస్పిరిన్ నీటిలో కరిగితే కాస్త ఆమ్లగుణం వస్తుంది. అది శాలిసిలిక్ ఆమ్లానికి చుట్టం. ఆ ఆమ్లం మొక్కల్లో సహజంగానే ఉంటుంది, వాటి రక్షణ పనుల్లో పాలుపంచుకుంటుంది. అందుకే చిట్కా పూర్తిగా గాలి మాట కాదు. కానీ ఒక పువ్వుకు పనిచేసిన మోతాదు ఇంకో పువ్వుకు పనిచేయదు, ఎక్కువైతే ఆకులు మాడతాయి. నిమ్మరసం ఉన్న ఇంట్లో ఆస్పిరిన్ అవసరం నాకైతే కనిపించదు.

నాణెం కథకు మూలం రాగి. రాగి అయాన్లు సూక్ష్మజీవులను అణుస్తాయి. అయితే మన ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటిలోంచి నీటిలోకి వచ్చేదేమీ లేదు. నిజమైన రాగి నాణెం వేసినా కరిగేది అత్యల్పం. జేబులోంచి తీసి వేసిన నాణెంతో బాక్టీరియా చేరడం మాత్రం ఖాయం.

వోడ్కా సంగతి ఆసక్తిగా ఉంటుంది. కార్నేషన్ల మీద జరిగిన ప్రయోగాల్లో నాలుగు శాతం దరిదాపు ఆల్కహాల్ వాటి ముదురుతనాన్ని ఆలస్యం చేసింది. మన దగ్గర వోడ్కా సీసా మీద ఉండేది 42.8 శాతం. వీడియోల్లో చెప్పే ఒక టీస్పూను లీటరు నీటిలో వేస్తే వచ్చేది 0.2 శాతం. నాలుగు శాతం రావాలంటే లీటరు వాజులో దాదాపు వంద మిల్లీలీటర్లు వోడ్కాయే ఉండాలి. ఆ ఖర్చుతో ఇంకో కట్ట కార్నేషన్లు కొనుక్కోవచ్చు.

బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా

దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు కానీ మన ఊళ్లలో ఇదే ముఖ్యం. బోరు నీటిలో బైకార్బనేట్లు అనే లవణాలు ఎక్కువ. అవి ఆమ్లాన్ని మింగేస్తాయి. అందుకే ఒకే కొలత నిమ్మరసం ఒక ఇంట్లో పనిచేసి ఇంకో ఇంట్లో పనిచేయదు. చాలా అపార్ట్‌మెంట్లలో ఉండే వాటర్ సాఫ్ట్‌నర్ ఇంకో రకం చిక్కు. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం వదులుతుంది. బట్టలకు, కుళాయిలకు మంచిదే. గులాబీలకు, కార్నేషన్లకు సోడియం పడదు.

ఫ్లోరైడ్ కూడా చూడాలి. జెర్బెరా, గ్లాడియోలస్ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌కే దెబ్బతింటాయి, రేకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. మన తాగునీటి ప్రమాణంలో కోరదగిన పరిమితి కూడా ఆ ఒక మిల్లీగ్రామే, వేరే నీటి వనరు లేకపోతే ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. అంటే మనిషి తాగడానికి ఒప్పుకున్న నీరు జెర్బెరాకు పనికిరాకపోవచ్చు. నల్లగొండ జిల్లా లాంటి చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో తెలిసిందే. అక్కడ బోరు నీటిలో జెర్బెరా చెడితే తప్పు పువ్వుది కాదు. ఆర్వో నీళ్లు ఈ మూడు ఇబ్బందులనూ తప్పిస్తాయి. ఒక్క వాజుకు లీటరు చాలు కనుక పెద్ద వృథా కూడా కాదు.

మామిడిపండ్ల పక్కన కార్నేషన్లు

నీరూ తిండీ సరిగా అందినా కొన్ని పూలు ఒక్కరాత్రిలో ముడుచుకుపోతాయి. కారణం ఇథిలీన్ వాయువు. పండ్లు పక్వానికి వచ్చేటప్పుడు వదిలేది ఇదే. 1908లో అమెరికాలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, గ్రీన్‌హౌసుల్లో దీపాల గ్యాసు లీకైనప్పుడు కార్నేషన్లు ముడుచుకుపోవడం వెనక ఉన్నది దానిలోని ఇథిలీనేనని చూపించారు.

దీని బలం అర్థం కావాలంటే ఒక పోలిక చాలు. మామిడి, అరటి పండించే గదుల్లో ఇథిలీన్‌ని 100 పీపీఎం దాకా వాడటానికి మన ఆహార భద్రతా సంస్థ అనుమతిస్తుంది. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు. కార్నేషన్ వాడిపోవడానికి ఒక పీపీఎం చాలు. డైనింగ్ టేబుల్ మీద మామిడిపండ్ల బుట్ట, దాని పక్కనే బొకే చూడముచ్చటగా ఉంటాయి కానీ అది కార్నేషన్లకు, ఆర్కిడ్లకు ఇబ్బందికరమైన జత. వాహనాల పొగలో, సిగరెట్ పొగలో కూడా ఈ వాయువుంటుంది. వాడిన పూలు కూడా దీన్ని వదులుతాయి కాబట్టే బొకేలో వాడిన పువ్వును వెంటనే తీసేయమంటారు. చామంతికి ఇథిలీన్ పట్టింపు చాలా తక్కువ. అన్నిటికన్నా ఎక్కువ రోజులు నిలిచే పువ్వుగా దానికి పేరు రావడానికి ఇదొక కారణం.

ఖర్చు తగ్గించడం: ఫ్రిజ్, తడిగోనె, గునుగు

చల్లదనంలో శ్వాస నెమ్మదిస్తుంది. అందుకే గులాబీలను వ్యాపారులు సున్నా నుంచి రెండు డిగ్రీల దగ్గర నిల్వ ఉంచుతారు. ఇంటి ఫ్రిజ్‌లో రాత్రికి పెట్టడం మంచిదే, అదే ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి లేకపోతే. వేడిదేశాల పూలకు ఇది వర్తించదు. ఆంథూరియం, ఆర్కిడ్ లాంటివి పది డిగ్రీల లోపు చలికి నల్లబడతాయి.

మన పూల సంప్రదాయం అసలు వాజు మీద ఆధారపడలేదు. మల్లెపూల మాలకు కాడే లేదు, నీరు తాగే దారి లేదు. అందుకే పూలమ్మేవాళ్లు రెండోవైపు నుంచి పనిచేశారు: తడిగోనె కప్పడం, అరటిదొప్పలో చుట్టడం, నీళ్లు చిలకరించడం. ఇవన్నీ బయటికి పోయే నీటిని ఆపే పద్ధతులు. బొకేకి కూడా ఇదే సూత్రం చెల్లుతుంది. గులాబీ కాడ మీద ఆకులే ఎక్కువ నీరు వదులుతాయి. నీటిలో మునిగే ఆకులన్నీ, పైవాటిలో కొన్నీ తీసేస్తే ఖర్చు వెంటనే తగ్గుతుంది.

బతుకమ్మలో పేర్చే గునుగు ఈ విషయంలో అసాధారణమైన పువ్వు. దాని రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి, వాటిలో పోవడానికి నీరే తక్కువ. రంగులద్దినా పట్టుకుంటుంది, ఎండినా ఆకారం చెడదు. ఖరీదైన దిగుమతి ఆకుల బదులు బొకేలో నాలుగు గునుగు కంకులు పెడితే చివరిదాకా నిలిచేవి అవే.

కట్టడంలో స్పైరల్, నిలబెట్టడంలో ఫోమ్

చేతిలో కట్టే బొకేకి వాడేదాన్ని స్పైరల్ పద్ధతి అంటారు. ప్రతి కాడనూ ముందుదాని మీద ఒకే వైపు వాలుగా పెడుతూ, మధ్యమధ్య కట్టను చేతిలో కాస్త తిప్పుతూ పోతారు. అందం సరే, దీనికి ఇంకో లాభం ఉంది: కాడలు అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి నొక్కుకోవు కాబట్టి కట్టిన చోట గొట్టాలు నలగవు. విప్పకుండానే అన్ని కాడల చివరలూ ఒకేసారి మళ్లీ కోయొచ్చు.

బుట్టలో, స్టేజీ మీద అమర్చడానికి పచ్చటి ఫోమ్ దిమ్మె వాడతారు. అమెరికాలో వెర్నాన్ స్మిథర్స్ 1954లో తెచ్చిన వస్తువిది. పూలను ఏ కోణంలోనైనా నిలబెట్టి నీరందిస్తుంది, డెకరేటర్ల పని దీనివల్లే సులువైంది. కానీ ఇది ప్లాస్టిక్ నురుగు, పొడిపొడిగా రాలుతుంది. ఆ రేణువులను నీటి జీవులు తింటున్నాయని మెల్‌బోర్న్‌లోని ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించారు. లండన్ చెల్సీ పూల ప్రదర్శన నడిపే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో ఫోమ్‌ని ఆపేసింది. పెద్ద స్టేజీకి దీని బదులు ఏం వాడాలన్నది డెకరేటర్లకు నిజమైన చిక్కే. ఇంట్లో మాత్రం కోళ్లగూటికి వాడే వైరు మెష్‌ని ఉండలా నలిపి గిన్నెలో పెడితే సరిపోతుంది. పూలు నేరుగా నీటిలోనే ఉంటాయి, ఫోమ్‌లో కన్నా బాగా తాగుతాయి.

ఏప్రిల్ రిసెప్షన్‌కు ఒక బొకే

హైదరాబాద్‌లో ఏప్రిల్, బయట 40 డిగ్రీలు. పొద్దున ఆరింటికి కొన్న పూలతో సాయంత్రం ఏడింటికి బొకే ఇవ్వాలి. ఇందాకటి సంగతులన్నీ ఇక్కడ వరసగా తగులుతాయి. మార్కెట్ నుంచి ఇంటిదాకా తడికాగితం చుట్టి తెస్తే ఖర్చు తగ్గింది. ఇంటికి రాగానే చివర కోసి నీటిలో పెడితే దారి తెరుచుకుంది. ఈ మొదటి తాగుడుకు గోరువెచ్చని నీరు మంచిదంటారు, ఎందుకంటే అందులో కరిగిన గాలి తక్కువ, పైగా పలచగా తొందరగా ఎక్కుతుంది. కనీసం నాలుగైదు గంటలు చీకటి గదిలో, ఫ్యాను గాలి తగలకుండా తాగనిచ్చి, కట్టడం సాయంత్రం ఐదు తర్వాత పెట్టుకుంటే, నీళ్లు లేకుండా చేతిలో ఉండే ఆ రెండు మూడు గంటలకు సరిపడా నీరు పువ్వులో ఉంటుంది.

అయినా ఒక గులాబీ తల వాలిందనుకోండి. రెండు సెంటీమీటర్లు కోసి, కాడ నిటారుగా ఉండేలా కాగితం చుట్టి, మెడదాకా నీటిలో ఉంచితే గంట రెండు గంటల్లో లేచే అవకాశముంది. లేస్తే అడ్డు కింది చివర్లో ఉన్నట్టు. లేవకపోతే కారణం తరచుగా ఇంట్లో చేసినదాంట్లో ఉండదు. మరీ లేత మొగ్గగా కోసిన గులాబీకి తల కింది భాగం ఇంకా గట్టిపడి ఉండదు, ఎన్ని నీళ్లిచ్చినా అది బరువు మొయ్యలేదు. కొనేటప్పుడే ఇది తెలుసుకోవచ్చు: మొగ్గ అడుగున ఉండే పచ్చటి రక్షకపత్రాలు కిందికి వంగి ఉంటే సరైన సమయంలో కోసినట్టు, ఇంకా మొగ్గను అంటుకునే ఉంటే తొందరపడి కోసినట్టు.